ఆయిలు ఇంజనులో పట్టుకొన్న రాక్ – తప్పిన టైమింగు

(వ్యవసాయాధికారి, బి.యస్సి. వ్యవసాయం)

వరి పొట్ట మీద ఉన్నప్పుడు మడిలో నీరు తగ్గినచో కలుగు నష్టము రైతులకు వేరుగ చెప్పనక్కరలేదు. కృష్ణా, గోదావరి డెల్టాల శివారు భూములలో కాలువ నీరు అందని దినములందును, మెట్ట ప్రాంతములలో కరెంటు తీగ చేరని చేలలోను, వాగుల ఒడ్డునను, ఇప్పటికిని ఎందరో రైతులు ఆయిలు ఇంజనునే నమ్ముకొని యున్నారు. వీనిలో ముప్పది, నలుబది ఏండ్లనాటి ఇంజనులు కూడ గలవు. ఇవి గట్టి యంత్రములే. కాని సంవత్సరములో ఎక్కువ కాలము పాకలో ఊరక పడియుండి, సరిగా అక్కరకు వచ్చిన నాడే మొరాయించును.

అట్టి సమయమున రైతులు సాధారణముగ చేయు పని ఒకటి గలదు. ఇంజను పొగ చిమ్మినను, బరువు లాగకున్నను "టైమింగు తప్పినది" అని తలచి, పంపు క్రింద నున్న మరను అటో ఇటో త్రిప్పింతురు. ఇది చాల పొరపాటు. టైమింగు దానంతట అది ఒక్క రాత్రిలో తప్పదు. మొదట పట్టుకొన్న భాగమును వదులు చేయవలెను. పిదప కొలిచి చూడవలెను. కొలతలో తేడా కనబడిననే మర త్రిప్పవలెను. ఈ వరుస తప్పినచో నూనె ఖర్చు పెరుగుట అటుంచి, ప్రాణాపాయము కూడ కలుగవచ్చును. ఈ పనిని రైతు తనంతట ఎంతవరకు చేసికొనవచ్చునో, ఎచ్చట ఆగవలెనో ఈ వ్యాసమున తెలుపుచున్నాము.

టైమింగు అనగా ఏమి?

పాత రకపు పెట్రోలు ఇంజనులలో డిస్ట్రిబ్యూటరు అను భాగము తగిన క్షణమున నిప్పురవ్వను అందించును. డీజిలుతో నడచు ఆయిలు ఇంజనులో నిప్పురవ్వతో పని లేదు. పిస్టను పైకి వచ్చి గాలిని గట్టిగ అదుముట వలన ఆ గాలి మిక్కిలి వేడెక్కును. ఆ వేడి గాలిలోనికి ఇంధనపు పంపు, ఇంజెక్టరు ద్వారా డీజిలును సన్నని తుంపరగ కొట్టగనే అది అంటుకొనును. కావున డిస్ట్రిబ్యూటరు చేయు కాలనిర్ణయము ఇచ్చట ఇంధనపు పంపుదే.

డీజిలు పడిన వెంటనే పూర్తిగ మండదు. అందులకు కొంత వ్యవధి పట్టును. అందుచేత పిస్టను పై కొసకు చేరుటకు కొంచెము ముందుగనే డీజిలు కొట్టవలెను. ఈ "కొంచెము ముందు" అనుదానిని ఫ్లైవీలు మీద డిగ్రీలలో లెక్కింతురు. నిమిషమునకు 650 చుట్లు తిరుగు లిస్టరు రకపు ఇంజనులకు సాధారణముగ ఇది 20 డిగ్రీలు. 1500 చుట్లు తిరుగు కిర్లోస్కర్ టి.వి.1 ఇంజనుకు 23 డిగ్రీలు. మీ ఇంజనుకు ఎంత ఉండవలెనో దానితో వచ్చిన పుస్తకములో ఉండును. ఆ అంకెయే మీకు ప్రమాణము.

650 చుట్ల ఇంజనులో 20 డిగ్రీలు తిరుగుటకు పట్టు కాలము సెకనులో వెయ్యింట అయిదు వంతులు మాత్రమే. ఇంత స్వల్ప కాలములో జరుగు పనిని చెవితో విని సరిచేయుట సాధ్యము కాదు. కావుననే కొలత అవసరము.

తప్పినచో కనబడు గుర్తులు

డీజిలు మరీ ముందుగ పడినచో ఇంజను ఇనుమును సుత్తితో కొట్టినట్లు ఖణఖణ మ్రోగును. హాండిలు త్రిప్పునపుడు వెనుకకు తన్నును. బేరింగులు, పిస్టను త్వరగ దెబ్బతినును.

మరీ ఆలస్యముగ పడినచో ఇంజను ఒక పట్టాన స్టార్టు కాదు. బరువు లాగదు. పొగ గొట్టము మితిమీరి వేడెక్కును. పొగ వచ్చును. అదే నీరు తోడుటకు ఎక్కువ నూనె త్రాగును. ఏండ్ల తరబడి పనిచేసిన ఇంజనులో కామ్, టాపెట్ అరిగిపోవుట వలన టైమింగు మెల్లమెల్లగ ఆలస్యమగును.

ఐతే ఒక్క మాట మరువరాదు. పొగ వచ్చిన ప్రతి ఇంజనులోను టైమింగు తప్పియుండదు. గాలి ఫిల్టరు దుమ్ముతో పూడిపోయినను, ఇంజెక్టరు తుంపరగ కొట్టక చుక్కలుగ కార్చినను, వాల్వులు సరిగ మూయకున్నను, డీజిలులో నీరు కలిసినను ఇవే గుర్తులు కనబడును. వీనినన్నిటిని ముందు చూచుకొనవలెను. వీనికంటె కూడ ముందు చూడవలసినది పంపులోని రాక్.

రాక్ పట్టుకొనిపోవుట

ఇంధనపు పంపు ప్రక్కన పండ్లు గల చిన్న ఉక్కు కడ్డీ ఒకటి అటునిటు జరుగుచుండును. దీనినే రాక్ అందురు. గవర్నరు ఈ కడ్డీని జరిపి, బరువును బట్టి డీజిలును ఎక్కువ తక్కువలు చేయుచుండును. ఇంజనును ఆపునది కూడ ఈ రాకే. డీజిలులో నీరు చేరి త్రుప్పు పట్టినను, నెలల తరబడి ఊరక ఉండుటచే పాత నూనె జిగురుకట్టినను, దుమ్ము చేరినను ఈ కడ్డీ ఉన్నచోటనే పట్టుకొనిపోవును.

ఆపివేయు స్థానమున పట్టుకొన్నచో ఇంజను స్టార్టు కాదు. అది నయమే. నిండు నూనె స్థానమున పట్టుకొన్నచో మాత్రము పెద్ద ప్రమాదము. గవర్నరు ఎంత లాగినను నూనె తగ్గదు. బరువు తగ్గగనే, ముఖ్యముగ బెల్టు జారినప్పుడు, ఇంజను అదుపు తప్పి అంతకంతకు వేగము పుంజుకొనును. ఆ వేగమునకు ఫ్లైవీలు పగిలి ముక్కలు ఎగిరిపడవచ్చును.

కావున ఊరక ఉన్న ఇంజనును స్టార్టు చేయుటకు ముందు ప్రతిసారి రాక్‌ను వ్రేలితో నెట్టి చూడవలెను. అది అడ్డు లేక జరిగి, వదలగనే తన చోటికి రావలెను. జరుగకున్నచో ఇంజనును స్టార్టు చేయరాదు.

వదులు చేయు విధము

1. పంపు వెలుపలి భాగమును డీజిలులో తడిపిన బ్రష్షుతో శుభ్రముగ కడుగవలెను. ఇసుక గాని దుమ్ము గాని మిగులరాదు.

2. రాక్ రెండు కొసలందు శుభ్రమైన డీజిలు గాని కిరసనాయిలు గాని కొన్ని చుక్కలు వేసి, ఒక రాత్రి నాననీయవలెను.

3. మరునాడు గవర్నరుకు కలుపు లింకును విడదీసి, రాక్‌ను వ్రేళ్ళతోనే అటునిటు మెల్లగ కదపవలెను. వెంట్రుకవాసి కదలినను చాలును. మరల నూనె వేసి కదపుచుండవలెను. సాధారణపు జిగురైనచో ఒకటి రెండు దినములలో వదులగును.

4. సుత్తితో కొట్టుట, పట్టకారుతో లాగుట, మంట పెట్టుట కూడదు. పంపులోని ప్లంజరుకు, దాని గొట్టమునకు నడుమ సందు మిల్లీమీటరులో వెయ్యవ వంతుల లెక్కలో ఉండును. ఒక్క దెబ్బతో ఆ జత పనికిరాకుండ పోవును.

5. అప్పటికిని కదలకున్నచో పంపును విప్పి, డీజిలు పంపులు బాగుచేయు దుకాణమునకు పంపవలెను. ఇంటివద్ద పంపు లోపలి భాగములను విప్పరాదు. రాక్ పండ్లకును లోపలి తొడుగు పండ్లకును గుర్తులుండును. ఆ గుర్తులు ఒక్క పన్ను తప్పి బిగించినను ఆపు స్థానమునకు నెట్టినప్పుడు నూనె ఆగకపోవచ్చును. పంపు విప్పునపుడు దాని అడుగున షిమ్ములున్నచో లెక్కించి భద్రపరచి, అన్నిటిని తిరిగి అట్లే వేయవలెను.

రాక్ వదులైన పిదప లింకును తిరిగి కలిపి, అది కొస నుండి కొసకు జరుగుచున్నదని నిశ్చయము చేసికొని, అటుపిమ్మటనే టైమింగు చూడవలెను. ఇందులకు కారణము గలదు. రాక్ ఆపు స్థానములో ఉన్నప్పుడు ప్లంజరు పైకి వచ్చినను నూనె కదలదు. అట్టి స్థితిలో తీసిన కొలత తప్పుడు కొలతయే.

కొలత తీయుట

ఈ పనికి సుద్దముక్క, టేపు, సరియైన పానాలు, శుభ్రమైన గుడ్డ చాలును.

మొదట ఫ్లైవీలు అంచున పిస్టను పై కొసను తెలుపు గుర్తును కనుగొనవలెను. దాని ఎదుట ఇంజను దేహమునకు సూచిక ఉండును. సూచిక విరిగిపోయినచో ఒక గట్టి తీగను బోల్టుకు బిగించి, కదలని సూచికగ చేసికొనవచ్చును. ఐతే అది పాత సూచిక ఉన్నచోటనే నిలువవలెను. గుర్తే చెరిగిపోయినచో, కార్బను తీయించుటకు హెడ్డు విప్పినప్పుడు మెకానిక్కుచే పై కొసను సరిచూపించి, గుర్తు కొట్టించుకొనవలెను.

పిదప టేపుతో ఫ్లైవీలు చుట్టుకొలతను కొలవవలెను. దానిని 360తో భాగించినచో ఒక డిగ్రీకి ఎంత దూరమో తెలియును. ఉదాహరణకు చుట్టుకొలత 180 సెం.మీ. ఉన్నదనుకొనుడు. ఒక డిగ్రీకి అర సెంటీమీటరు. 20 డిగ్రీలకు 10 సెం.మీ. వచ్చును.

ఇక పని వరుస:

1. టాంకులో డీజిలు చూచి, కాకు తెరచి, పంపులోని గాలిని పూర్తిగ పోనీయవలెను. బుడగలున్నచో కొలత కుదురదు.

2. రాక్ నడచు స్థానములో, అనగా నూనె ఇచ్చు స్థానములో, ఉండవలెను.

3. పంపు నుండి ఇంజెక్టరుకు పోవు గొట్టమును పంపు వద్ద విప్పవలెను. పంపు పై రంధ్రములో నూనె అంచు వరకు నిండి, మట్టము కంటికి కనబడునట్లుండవలెను.

4. డీకంప్రెషన్ మీట ఎత్తి, ఫ్లైవీలును చేతితో, ఇంజను నడచు దిక్కుననే, మిక్కిలి మెల్లగ త్రిప్పవలెను. ఇవి నాలుగు స్ట్రోకుల ఇంజనులు గనుక రెండు చుట్లకు ఒక్కసారియే పంపు నూనె కొట్టును.

5. నూనె మట్టము చలించిన తొలి క్షణముననే ఆపి, సూచిక ఎదుట ఫ్లైవీలు అంచున సుద్దతో గీత గీయవలెను. దాటిపోయినచో కొద్దిగ వెనుకకు త్రిప్పి ఊరకొనరాదు. పావు చుట్టు వెనుకకు పోయి, మరల ముందుకు త్రిప్పుచు పట్టుకొనవలెను. లేనిచో పళ్ళచక్రముల మధ్యనున్న సందు వలన కొలత తప్పును.

6. సుద్దగీతకును పై కొస గుర్తుకును గల దూరమును అంచు వెంబడి కొలవవలెను. ఈ విధముగ మూడుసార్లు చేసి, మూడును ఏకీభవించిననే నమ్మవలెను.

పైన చెప్పిన ఇంజనులో 10 సెం.మీ. వచ్చినచో టైమింగు సరిగనున్నది; దానిని ముట్టరాదు. 7 సెం.మీ. మాత్రమే వచ్చినచో 14 డిగ్రీలు. అనగా 6 డిగ్రీలు ఆలస్యము. 13 సెం.మీ. వచ్చినచో 26 డిగ్రీలు. అనగా 6 డిగ్రీలు ముందు.

సరిచేయుట

లిస్టరు రకపు ఇంజనులలో పంపు క్రింది టాపెట్‌కు మరయు, దానిని బిగించు లాక్ నట్టును ఉండును. మరను పైకి ఎత్తినచో నూనె ముందుగ పడును, దించినచో ఆలస్యమగును. పావు చుట్టు మించి ఒక్కసారి త్రిప్పరాదు. త్రిప్పిన ప్రతిసారి లాక్ నట్టు బిగించి మరల కొలవవలెను.

లాక్ నట్టు త్రుప్పుచే పట్టుకొన్నచో కిరసనాయిలు వేసి నాననిచ్చి, సరిపడు పానా తొడిగి, మొదట బిగియు దిక్కున కొద్దిగ ఒత్తి, పిదప వదులు దిక్కున త్రిప్పవలెను. అంచులు అరిగిన పానా వాడినచో నట్టు గుండ్రమగును.

మరికొన్ని ఇంజనులలో మర ఉండదు. పంపు అడుగున పలుచని లోహపు రేకులు ఉండును. వీనిని షిమ్ములందురు. ఒక షిమ్మును తీసినచో నూనె ముందుగ పడును, చేర్చినచో ఆలస్యమగును. ఒక్కొక్క షిమ్మునే మార్చి కొలవవలెను.

మార్పు ముగిసిన పిదప ఫ్లైవీలును చేతితో రెండు నిండు చుట్లు త్రిప్పి చూడవలెను. ఎచ్చటనైన గట్టిగ తగిలి ఆగినచో ప్లంజరు పైన కొట్టుకొనుచున్నదని గ్రహించి, మర దించవలెను. బలవంతముగ త్రిప్పరాదు.

ఒక శివారు గ్రామపు అనుభవము

డెల్టా శివారున ఒక గ్రామములో పెద్దవయసు రైతు ఒకరు తన ఇంజనును చూపి, "అయ్యా, రెండుసార్లు టైమింగు మార్పించితిని. పొగ తగ్గలేదు సరికదా, ఇప్పుడు హాండిలు వెనుకకు తన్నుచున్నది" అని చెప్పినారు. ఆయన మణికట్టు అప్పటికే వాచి యున్నది. చేలో వరి ఈనుచున్నది.

రాక్‌ను నెట్టి చూడగా అది నిండు నూనెకు దగ్గరగ పట్టుకొని యున్నది. టాంకు అడుగున నీరు కనబడినది. మొదటి నుండియు పొగకు కారణము మితిమీరిన నూనెయే. అది తెలియక, ఆలస్యమని తలచి, మరను రెండు మారులు ఎత్తియున్నారు. రాత్రి నానవేసి మరునాడు కదపగా రాక్ వదులైనది. అప్పుడు కొలచి చూడగా 20కి బదులు 26 డిగ్రీలు వచ్చినది. మర దించి 20కి తెచ్చిన పిదప హాండిలు తన్నుట మానినది, పొగయు పలుచబడినది. ఇందులకు క్రొత్త విడిభాగమొక్కటియు కొనవలసిన పని కలుగలేదు. రాక్ పట్టుకొని యుండగా బెల్టు జారియున్నచో ఏమి జరిగెడిదో పాఠకులే ఊహింపగలరు.

అదుపు తప్పినచో

ఇంజను వేగము పెరిగిపోవుచున్నచో బెల్టు తీయరాదు. బరువు పోయిన కొలది వేగము పెరుగును. ఫ్లైవీలుకు ఎదురుగ గాని, దాని అంచు తిరుగు వరుసలో గాని నిలువరాదు. డీకంప్రెషన్ మీట అందుబాటులో ఉన్నచో ఎత్తవలెను. గాలి పీల్చు నోటికి చదునైన చెక్కను అడ్డము పెట్టి మూయవలెను. చేయి గాని గుడ్డ గాని పెట్టరాదు. డీజిలు కాకు కట్టుట మంచిదే గాని గొట్టములో మిగిలిన నూనెతో ఇంజను ఇంకను కొంతసేపు నడచును. దగ్గరకు పోవుట సాధ్యము కానప్పుడు అందరును పాక విడిచి దూరముగ పోవుటయే మేలు. ఇంజను పోయిన మరల కొనవచ్చును.

మరి మూడు జాగ్రత్తలు గలవు. ఇంజెక్టరు తుంపర ముందు చేయి పెట్టరాదు. ఆ వత్తిడి చదరపు సెంటీమీటరుకు నూరు కిలోగ్రాములకు పైబడి ఉండును. తుంపర చర్మమును చీల్చుకొని లోనికి పోవును. గాయము చిన్నదిగ కనబడినను వెంటనే ఆసుపత్రికి పోవలెను. హాండిలు త్రిప్పునపుడు బొటనవ్రేలిని మిగిలిన వ్రేళ్ళ వైపుననే ఉంచవలెను. మూసిన గదిలోను, బావి గోతిలోను ఇంజను నడిపి పరీక్షింపరాదు. పొగలోని విషవాయువు వాసన లేకయే ప్రాణము తీయును.

మరల పట్టుకొనకుండ

డీజిలును డబ్బాలో కొంతకాలము కదల్చక ఉంచి, అడుగు నూనె వదలి, పై నూనెను సన్నని జల్లెడ గుండ టాంకులో పోయవలెను. టాంకు, ఫిల్టరు అడుగున చేరిన నీటిని అప్పుడప్పుడు తీసివేయుచుండవలెను. పంట ముగిసి ఇంజనును పాకలో పెట్టునపుడు టాంకును నిండుగ ఉంచినచో లోపల తేమ చేరుట తగ్గును. ఊరక ఉన్న కాలములో పదిహేను దినముల కొకసారి రాక్‌ను నాలుగు మారులు కదపి, ఫ్లైవీలును చేతితో కొన్ని చుట్లు త్రిప్పవలెను. దీనికి పట్టునది అయిదు నిమిషములు.

చివరగ ఒక్క సూచన. మీ ఇంజనుకు ఎన్ని డిగ్రీలో, మీ ఫ్లైవీలు మీద అది ఎన్ని సెంటీమీటర్లో, చివరిసారి కొలచిన తేదీ ఏదో, పాక గోడ మీద రంగుతో వ్రాసి యుంచుడు. ఎవరు మర త్రిప్పవచ్చినను ముందు ఆ అంకెను చూపి, కొలచి త్రిప్పుమని అడుగుడు. సందేహమున్నచో మీ మండల వ్యవసాయాధికారిని సంప్రదింపుడు. నాట్లకు నెల ముందే ఇంజను పాక తలుపు తెరచి, రాక్‌ను ఒక్కసారి వ్రేలితో నెట్టి చూచినచో, వరి పొట్ట మీద ఉన్న నాడు మెకానిక్కు కొరకు ఎదురుచూడవలసిన అవస్థ చాలవరకు తప్పును.